సీ ప్రోగ్రామ్‌లో కామాలతో వచ్చే సబాప్షన్లు: గెట్‌సబాప్ట్ వాడాలా, వాడితే ఎందుకు క్రాష్ అవుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ ప్రోగ్రామ్‌కి మైనస్ ఓ అనే ఆప్షన్ ఉంది. దాని పక్కన "మోడ్=ఫాస్ట్,డెప్త్=4,వెర్బోస్" లాంటి స్ట్రింగ్ వస్తుంది. మైనస్ ఓ దాకా, కమాండ్ లైన్ ఆప్షన్లను విడదీసే గెట్‌ఆప్ట్ ఫంక్షన్ చూసుకుంటోంది. లోపలి ముక్కలు (వీటినే సబాప్షన్లు అంటాం) విడదీయడానికి ఏ స్ట్రింగ్‌నైనా ముక్కలు చేసే స్టర్‌టాక్ మంచిదా, సబాప్షన్ల కోసమే ఉన్న గెట్‌సబాప్ట్ మంచిదా అన్నది మొదటి సందేహం. గెట్‌సబాప్ట్‌తో రాసిన ఫంక్షన్ టెర్మినల్ నుంచి నడిపితే బాగానే ఉండి, టెస్ట్ ఫైల్‌లోంచి కాల్ చేస్తే సెగ్‌ఫాల్ట్ (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ పడిపోవడం) ఎందుకు ఇస్తోందన్నది రెండోది.

ముందు సూటిగా జవాబు. గెట్‌సబాప్ట్ వాడండి. విలువల్లో కామా వచ్చే అవకాశం ఉంటే తప్ప మీరు సొంతంగా ఏదీ రాసుకోనక్కర్లేదు. ఇక క్రాష్ సంగతి: మీ టెస్ట్‌లో కోట్స్ మధ్య రాసిన స్ట్రింగ్‌ని అలాగే ఫంక్షన్‌కి ఇచ్చేశారు. గెట్‌సబాప్ట్ ఆ స్ట్రింగ్‌ని చదివి ఊరుకోదు, అందులో రాస్తుంది. కోట్స్ మధ్య రాసిన స్ట్రింగ్ మామూలుగా చదవడానికి మాత్రమే వీలున్న మెమరీలో ఉంటుంది కాబట్టి మొదటి కామా దగ్గరే ప్రోగ్రామ్ పడిపోతుంది. టెర్మినల్ నుంచి వచ్చే ఆర్గ్‌వీ స్ట్రింగులు (కమాండ్ లైన్‌లో ఇచ్చిన మాటలు) మార్చుకోదగినవని సీ ప్రమాణమే చెబుతుంది, అందుకే అక్కడ మీకు ఇబ్బంది కనబడలేదు. స్టర్‌డప్ ఫంక్షన్‌తో స్ట్రింగ్‌కి కాపీ తీసి, ఆ కాపీని గెట్‌సబాప్ట్‌కి ఇవ్వండి. రెండు చోట్లా పనిచేస్తుంది.

టెస్ట్ వరకే అయితే క్యార్ పాయింటర్ బదులు క్యార్ అర్రేగా ప్రకటించినా చాలు. అర్రే అయితే కోట్స్‌లోని అక్షరాలు అందులోకి కాపీ అవుతాయి, మార్చుకోవచ్చు. పాయింటర్ అయితే అసలు స్ట్రింగ్‌నే చూపిస్తుంది. రెండు ప్రకటనలూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, సీ కంపైలర్ మామూలుగా హెచ్చరించదు. జీసీసీ కంపైలర్‌కి డబ్ల్యూ రైట్-స్ట్రింగ్స్ ఫ్లాగ్ ఇస్తే అప్పుడు చెబుతుంది.

ఇప్పుడు అది లోపల ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఇది కళ్లకు కట్టాక మిగతా తప్పులు చాలావరకు మీకే దొరికిపోతాయి.

గెట్‌సబాప్ట్‌కి మూడు ఇస్తాం. ఒకటి, స్ట్రింగ్‌లో ఎక్కడున్నామో చెప్పే పాయింటర్ చిరునామా. రెండు, మనకు తెలిసిన పేర్ల పట్టిక. మూడు, విలువ దొరికితే పెట్టడానికి ఇంకో పాయింటర్ చిరునామా. కాల్ చేసిన ప్రతిసారీ ఒక్క ముక్క తీసుకుంటుంది, పట్టికలో అది ఎన్నో పేరో ఆ నంబర్ ఇస్తుంది, పేరు దొరక్కపోతే మైనస్ ఒకటి ఇస్తుంది. మన స్ట్రింగ్ ఇలా ఉందనుకోండి:

డెప్త్=4,వెర్బోస్,లాగ్=రన్

మొదటి కాల్ అయ్యాక అదే మెమరీ ఇలా ఉంటుంది ([0] అంటే సున్నా బైట్):

డెప్త్=4[0]వెర్బోస్,లాగ్=రన్

కామా పోయి సున్నా బైట్ వచ్చింది. మీరిచ్చిన పాయింటర్ ముందుకు జరిగి "వెర్బోస్" మొదటి అక్షరం దగ్గర నిలబడింది. విలువ పాయింటర్ 4 దగ్గరకు వెళ్లింది. కొత్తగా ఏ మెమరీ తీసుకోలేదు, దేనినీ కాపీ చేయలేదు, ఉన్న స్ట్రింగ్‌నే కోసుకుంటూ పోయింది. ఎక్కడున్నాం అన్న గుర్తంతా మీ పాయింటర్‌లోనే ఉంది, ఫంక్షన్ లోపల ఏదీ దాచుకోదు.

స్టర్‌టాక్ వద్దనడానికి కారణం ఈ చివరి మాటే. స్టర్‌టాక్ కూడా స్ట్రింగ్‌ని కోస్తుంది, పైగా ఎక్కడున్నదీ లోపల ఒక స్టాటిక్ చోట గుర్తుపెట్టుకుంటుంది. కామాలతో ఒకసారి, ఆ లూప్ లోపలే సమానం గుర్తుతో ఇంకోసారి కాల్ చేశారంటే రెండోది మొదటిదాని గుర్తును చెరిపేస్తుంది. మొదటి సబాప్షన్ తర్వాత లూప్ ఆగిపోయిందని అడిగేవాళ్లలో చాలామంది చేసింది ఇదే. అదీకాక స్టర్‌టాక్ వరసగా వచ్చిన కామాలన్నిటినీ ఒకటిగా మింగేస్తుంది. మధ్యలో ఖాళీ ముక్క వచ్చిందని మీకు తెలియనే తెలియదు.

కాపీ ఎందుకు అన్నది టెస్ట్‌లతో ఆగిపోయే విషయం కాదు. ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. ఒకప్పుడు నేను చూసుకున్న ప్రోగ్రామ్ ఒకటి నిరంతరం వెనకాల నడిచేది. సిగ్‌హప్ అనే సిగ్నల్ వస్తే తనను తాను మళ్లీ మొదలుపెట్టుకునేది. అంటే అదే ఆర్గ్‌వీని, ప్రోగ్రామ్‌ని కొత్తగా నడిపే ఎగ్జెక్‌వీకి ఇచ్చేది. మొదటిసారి మొదలైనప్పుడు అన్నీ సరిగ్గా ఉండేవి. సిగ్‌హప్ తర్వాత మాత్రం లాగ్ ఫైల్ రావడం మానేసేది, డెప్త్ విలువ ఒక్కటే నిలిచేది. రెండు రోజులు సిగ్నల్ హ్యాండ్లర్‌నే అనుమానించాను. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కమాండ్ కొట్టి చూస్తే రీస్టార్ట్‌కి ముందు ఆప్షన్లన్నీ కనిపిస్తున్నాయి, కాబట్టి ఆర్గ్‌వీ బాగానే ఉందని తీర్మానించుకున్నాను.

మూడోరోజు అదే లైన్‌ని మళ్లీ చదివితే కనబడింది: నేను కామాలతో ఇచ్చిన చోట పీఎస్ స్పేస్‌లు చూపిస్తోంది. లినక్స్‌లో పీఎస్ ఆ సమాచారాన్ని ప్రాక్ కింది సీఎండీలైన్ ఫైల్‌లోంచి తెచ్చుకుంటుంది, ఆ ఫైల్ నడుస్తున్న ప్రాసెస్ మెమరీలోని ఆర్గ్యుమెంట్లనే చూపిస్తుంది, సున్నా బైట్లను పీఎస్ స్పేస్‌లుగా అచ్చేస్తుంది. గెట్‌సబాప్ట్ కామాల స్థానంలో పెట్టిన సున్నాలే అవి. ఎగ్జెక్‌వీ దృష్టిలో మాత్రం స్ట్రింగ్ మొదటి సున్నా దగ్గరే అయిపోయింది. "డెప్త్=4" ఒక్కటే కొత్త ప్రాసెస్‌కి వెళ్లింది, మిగతావి గాలికి పోయాయి. ఒక్క స్టర్‌డప్ లైన్‌తో సమస్య తీరింది. అప్పటినుంచి ఆప్ట్‌ఆర్గ్‌ని (ఆప్షన్ పక్కన వచ్చిందని గెట్‌ఆప్ట్ చూపించే స్ట్రింగ్) నేరుగా గెట్‌సబాప్ట్‌కి ఇచ్చిన కోడ్ రివ్యూకి వస్తే నేను ఒప్పుకోను. ఆ ప్రోగ్రామ్ తనను తాను మళ్లీ మొదలుపెట్టుకోకపోయినా సరే, ఏ తప్పు వచ్చినా "మీరిచ్చిన కమాండ్ ఇది" అని లాగ్‌లో అచ్చేసే ప్రోగ్రామ్ ప్రతిదానికీ ఇది తగులుతుంది.

కాపీ తీశాక రెండు విషయాలు గుర్తుంచుకోండి. గెట్‌సబాప్ట్ మీ పాయింటర్‌ని జరుపుకుంటూ పోతుంది కాబట్టి, లూప్ అయ్యేసరికి అది కాపీ చివర నిలబడి ఉంటుంది. దాన్ని ఫ్రీ చేస్తే తప్పు. స్టర్‌డప్ ఇచ్చిన చిరునామాను ఒక పాయింటర్‌లో ఉంచి, లూప్‌లో తిరగడానికి ఇంకో పాయింటర్ పెట్టుకోండి. రెండోది, "లాగ్=రన్"లోని "రన్" అన్న విలువ ఆ కాపీ లోపలే ఉంది. కాపీని ఫ్రీ చేసి, ఆ విలువ పాయింటర్‌ని సెట్టింగుల స్ట్రక్ట్‌లో దాచుకుంటే తర్వాత చెత్త చదువుతారు. ఒక్కో విలువను విడిగా స్టర్‌డప్ చేసుకోవచ్చు, లేదా మొత్తం కాపీని ప్రోగ్రామ్ అయ్యేదాకా అట్టే ఉంచొచ్చు. చిన్న టూల్స్‌లో నేను రెండోదే చేస్తాను. కొన్ని పదుల బైట్ల కోసం తలనొప్పి తెచ్చుకోవడం దేనికి.

ఇక పేర్ల పట్టిక. చివర నల్ ఉండి తీరాలి, పట్టిక ఎక్కడ అయిపోయిందో తెలియడానికి అదొక్కటే గుర్తు. పేర్ల నంబర్లను చేత్తో లెక్కపెట్టి స్విచ్‌లో సున్నా, ఒకటి, రెండు అని రాయకండి. ఒక ఈనమ్ (వరస నంబర్లకు పేర్లు పెట్టే జాబితా) పెట్టి, పట్టికలో ఒక్కో స్థానాన్ని ఆ ఈనమ్ పేరుతోనే నింపండి. సీ99 నుంచి బ్రాకెట్లలో స్థానం చెప్పి నింపే సౌకర్యం ఉంది. లేకపోతే రేపు ఎవరో మధ్యలో కొత్త పేరు చేర్చినప్పుడు డెప్త్ ఇచ్చినవాళ్లకు మోడ్ మారుతుంది, కంపైలర్ నోరు మెదపదు. ఇంకోటి, గెట్‌ఆప్ట్ లాంగ్ అనే ఫంక్షన్ ఆప్షన్ పేరులో మొదటి కొన్ని అక్షరాలు ఇచ్చినా, అవి ఒక్క ఆప్షన్‌కే సరిపోతే, ఒప్పుకుంటుంది. గెట్‌సబాప్ట్ అలా కాదు, పేరు పూర్తిగా సరిపోవాలి. ఇది మంచిదే.

విలువకు మూడు స్థితులున్నాయి, మూడింటినీ విడిగా చూడాలి. "డెప్త్=4" అంటే విలువ ఉంది. "డెప్త్=" అంటే విలువ పాయింటర్ నల్ కాదు, కానీ ఖాళీ స్ట్రింగ్. ఉత్తి "డెప్త్" అంటే విలువ పాయింటర్ నల్. మూడోదాన్ని చూడకుండా, స్ట్రింగ్‌ని సంఖ్యగా మార్చే ఏటుఐకి ఇచ్చేస్తే అక్కడే సెగ్‌ఫాల్ట్. రెండోదాన్ని చూడకపోతే ఏటుఐ సున్నా ఇస్తుంది, డెప్త్ సున్నాతో ప్రోగ్రామ్ నిక్షేపంలా నడిచి తప్పు ఫలితం ఇస్తుంది. నన్నడిగితే క్రాష్ నయం. అలాగే వెనక్కి: వెర్బోస్‌కి విలువ అక్కర్లేదు కదా అని విలువ పాయింటర్‌ని చూడకుండా వదిలేస్తే, "వెర్బోస్=నో" అని ఇచ్చినవాళ్లకు వెర్బోస్ ఆన్ అవుతుంది. వాళ్లు అడిగినదానికి సరిగ్గా ఉల్టా. విలువ అక్కర్లేని పేరుకు విలువ వస్తే తప్పని చెప్పి ఆపేయండి.

అంకెలకు ఏటుఐ వద్దు, స్టర్‌టోల్ వాడండి. ముందు ఎర్ర్‌నోని (తప్పు కోడ్ ఉండే వేరియబుల్) సున్నా చేయండి, కాల్ తర్వాత చివరి పాయింటర్ స్ట్రింగ్ చివరికి చేరిందా, అసలు ముందుకు కదిలిందా, ఎర్ర్‌నో మారిందా అని చూడండి. "4ఎక్స్" అన్నది ఏటుఐకి 4 మాత్రమే. ఆధారం (బేస్) 10 అని స్పష్టంగా ఇవ్వండి. అక్కడ సున్నా ఇస్తే "010" ఎనిమిదవుతుంది, ఎవరూ ఊహించరు. రుణసంఖ్య రాకూడదు కదా అని అన్‌సైన్డ్ రకమైన స్టర్‌టౌల్ వాడటం మరో పొరపాటు. అది "-1"ని తిరస్కరించదు, చుట్టి తిప్పి అతి పెద్ద సంఖ్యగా ఇస్తుంది. సైన్డ్ రకంతో చదివి, మీ పరిధిని మీరే చూసుకోండి.

ఇప్పుడు తెలియని పేరు వచ్చినప్పటి సంగతి. ఉదాహరణ కోడ్‌లలో ఎక్కువగా, మైనస్ ఒకటి వస్తే విలువ పాయింటర్‌ని అచ్చేసి "ఇది నాకు తెలియదు" అంటారు. లినక్స్‌లో ఎక్కువగా వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో అది పనిచేస్తుంది: తెలియని ముక్క మొత్తం, పేరూ విలువా కలిపి, ఆ పాయింటర్ దగ్గర దొరుకుతుంది. మస్ల్ అనే మరో సీ లైబ్రరీ కోడ్ చదివితే అక్కడ పేరు దొరక్కపోతే విలువ పాయింటర్ నల్‌గానే మిగులుతుంది. బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌ల రకంలో సమానం గుర్తు కూడా సున్నా బైట్ అవుతుంది, విలువ పాయింటర్ విలువనే చూపిస్తుంది, పేరు కోసం సబాప్ట్‌ఆర్గ్ అనే వేరే గ్లోబల్ ఉంది. ఒకే ఫంక్షన్, మూడు లైబ్రరీల్లో మూడు తీర్లు. కాబట్టి ఈ గొడవలో దిగకండి: ప్రతి కాల్‌కి ముందు ప్రస్తుత పాయింటర్‌ని ఒక చిన్న వేరియబుల్‌లో దాచుకోండి. తప్పు వస్తే దాన్నే అచ్చేయండి. జీలిబ్‌సీలోనూ మస్ల్‌లోనూ ముక్క మొత్తం వస్తుంది, బీఎస్‌డీలో పేరు వరకు వస్తుంది. వాడేవాళ్లకు ఏ పేరు తప్పో తెలియడం ముఖ్యం, అది అన్నిచోట్లా తెలుస్తుంది.

ఖాళీ ముక్కల విషయంలోనూ తేడాలున్నాయి. జీలిబ్‌సీలో మొదట కామా పెట్టినా, మధ్యలో రెండు కామాలు పెట్టినా ఖాళీ పేరు వచ్చినట్టే, మైనస్ ఒకటి ఇస్తుంది. చివరి కామాను మాత్రం ఎవరూ పట్టించుకోరు: దాని తర్వాత స్ట్రింగ్ అయిపోతుంది కాబట్టి మీ లూప్ ఆగిపోతుంది. బీఎస్‌డీ రకం ముందున్న కామాలనూ స్పేస్‌లనూ దాటేసి వెళ్తుంది. షెల్ స్క్రిప్టులు ఈ స్ట్రింగ్‌ని ముక్కలు అతికించి తయారుచేస్తుంటే ఖాళీ ముక్కలు తరచూ వస్తాయి. అప్పుడు మీ లూప్ మొదట్లోనే, ప్రస్తుత అక్షరం కామా అయితే ఒక అడుగు ముందుకు వేసి కొనసాగమని రాసుకోవచ్చు. చేత్తో ఇచ్చే ఆప్షన్ అయితే తప్పని చెప్పడమే మేలు, ఎందుకంటే ఖాళీ ముక్క వెనక తరచుగా ఖాళీగా మిగిలిపోయిన షెల్ వేరియబుల్ ఉంటుంది.

షెల్ మాట వచ్చింది కాబట్టి మీ వాడుకరులు అడిగే రెండు ఫిర్యాదులు ముందే చెబుతాను. కామా తర్వాత స్పేస్ ఇస్తే షెల్ అక్కడ ఆర్గ్యుమెంట్‌ని విడగొడుతుంది. రెండో సగం మీ ప్రోగ్రామ్‌కి ఫైల్ పేరులా చేరుతుంది, "డెప్త్=4 అనే ఫైల్ లేదు" అన్న వింత సందేశం వస్తుంది. రెండోది టిల్డే (~) గుర్తు. బాష్‌లో మైనస్ ఓ తర్వాత స్పేస్ ఇచ్చి "లాగ్=~/రన్" అని ఇంగ్లిష్ పేరుతో ఇస్తే, ఆ మాట వేరియబుల్‌కి విలువ ఇస్తున్నట్టే కనిపిస్తుంది కాబట్టి టిల్డే హోమ్ డైరెక్టరీగా మారుతుంది. అదే "వెర్బోస్,లాగ్=~/రన్" అంటే మారదు, మీ ప్రోగ్రామ్‌కి టిల్డే అలాగే వస్తుంది. నిన్న పనిచేసిన కమాండ్‌కి ముందు ఒక్క సబాప్షన్ చేర్చగానే ఫైల్ దొరకడం లేదంటే ఇదే కారణం. ప్రోగ్రామ్‌లో టిల్డేని విప్పే పని పెట్టుకోకండి, ఫైల్ తెరవలేకపోయినప్పుడు దారి మొత్తం సందేశంలో చూపించండి, చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

గెట్‌సబాప్ట్ చేతులెత్తేసే ముఖ్యమైన చోటు: విలువలో కామా. దానికి తప్పించుకునే గుర్తు ఏదీ లేదు, బ్యాక్‌స్లాష్ పెట్టినా కోట్స్ పెట్టినా కోసేస్తుంది. విలువలో సమానం గుర్తు ఉంటే ఫర్వాలేదు, మొదటి సమానం దగ్గరే విడదీస్తుంది కాబట్టి మిగతావి విలువలోకే వెళ్తాయి. కామా సమస్యను పెద్ద ప్రోగ్రాములు ఒక్కోటి ఒక్కోలా దాటాయి. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎమ్‌యూలో ఫైల్ పేరులో కామా ఉంటే రెండు కామాలు ఇవ్వాలి. లినక్స్ మౌంట్ కమాండ్‌లో కామాలున్న ఎస్‌ఈలినక్స్ కాంటెక్స్ట్‌ని (భద్రతా లేబుల్‌ని) డబుల్ కోట్స్‌లో పెట్టాలి, ఆ కోట్స్‌ని షెల్ తినేయకుండా బయట ఇంకో జత పెట్టాలి. జీసీసీలో లింకర్‌కి కామాలతో కలిపి పంపే ఆప్షన్ పక్కనే, ఒక్కో ఆర్గ్యుమెంట్‌ని విడిగా పంపే ఎక్స్‌లింకర్ అనే ఆప్షన్ కూడా ఉంది. నాకు నచ్చింది ఈ మూడోది. మీ సబాప్షన్లలో ఫైల్ దారిలో మాత్రమే కామా రాగలదనుకుంటే దాన్ని లోపల ఇరికించకుండా విడి ఆప్షన్‌గా బయటకు తీసేయండి. పార్సర్ మారదు, డాక్యుమెంటేషన్‌లో ఒక పేరా తగ్గుతుంది. అలా కుదరనప్పుడే సొంత పార్సర్, అప్పుడు రెండు కామాల పద్ధతి రాయడం తేలిక: కామా కనబడితే పక్క అక్షరం చూడు, అదీ కామా అయితే ఒకటిగా ఉంచుకుని ముందుకెళ్లు, కాకపోతే ముక్క అయిపోయింది.

ఒకే పేరు రెండుసార్లు వస్తే ఏం చేయాలో మీరే నిర్ణయించాలి, గెట్‌సబాప్ట్‌కి ఆ పట్టింపు లేదు. చివరిది గెలుస్తుందనడం ఒక సంప్రదాయం, డిఫాల్టులు ముందు పెట్టి మార్పులు తర్వాత చేర్చే స్క్రిప్టులకు అది అనుకూలం. ఎమ్‌కేఎఫ్‌ఎస్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటిది మాత్రం రెండోసారి ఇస్తే తప్పని ఆపేస్తుంది. డిస్క్ ఫార్మాట్ చేసే ప్రోగ్రామ్‌కి అంత జాగ్రత్త న్యాయమే. ఒకదానికొకటి పొసగని పేర్లను లూప్ లోపల పరీక్షించకండి. మైనస్ ఓ రెండు మూడుసార్లు రావచ్చు కాబట్టి గెట్‌ఆప్ట్ లూప్ మొత్తం అయ్యాక ఒక్కసారి చూడండి, లేకపోతే ఫలితం ఆప్షన్లు ఇచ్చిన వరసను బట్టి మారిపోతుంది.

కంపైల్ దగ్గర ఒక మాట. ఈ ఫంక్షన్ ఎస్‌టీడీలిబ్ హెడర్‌లో ఉంటుంది, యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్‌కి చెందినది, సీ ప్రమాణంలోది కాదు. అందుకని ఎస్‌టీడీ=సీ11 లాంటి కఠినమైన ఫ్లాగ్ ఇస్తే హెడర్ దీన్ని దాచేస్తుంది. ఫైల్ మొట్టమొదట, అన్ని ఇంక్లూడ్‌లకంటే ముందు, ఎక్స్‌ఓపెన్ సోర్స్ మాక్రోని 700గా నిర్వచించండి, స్టర్‌డప్‌కీ అదే సరిపోతుంది. పాత జీసీసీ ఉత్త హెచ్చరికతో పోనిచ్చేది, జీసీసీ 14 నుంచి ప్రకటన లేని ఫంక్షన్‌ని కాల్ చేయడం తప్పుగానే లెక్క. మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీలో గెట్‌ఆప్ట్ గానీ గెట్‌సబాప్ట్ గానీ లేవు. అక్కడ కూడా కంపైల్ కావాలంటే జీఎన్‌యూలిబ్ అనే కోడ్ సేకరణలో ఉన్న ప్రత్యామ్నాయం తీసుకోవచ్చు, లైసెన్స్ మీకు పడుతుందో లేదో చూసుకోండి. లేదా నలభై లైన్లలోపు మీరే రాసుకోవచ్చు.

కాపీ తీసి ఇచ్చాక కూడా మీ టెస్ట్ పడిపోతుంటే మొదట పట్టిక చివర నల్ ఉందో లేదో చూడండి. ఉంటే, "డెప్త్" అని విలువ లేకుండా, "డెప్త్=" అని ఖాళీగా, "లేనిపేరు=1" అని, ",," అని నాలుగు స్ట్రింగులు విడివిడిగా ఇచ్చి, మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ ఫ్లాగ్‌తో కంపైల్ చేసి నడపండి. ఏ స్ట్రింగ్ దగ్గర ఆగిందో, శానిటైజర్ మొదటి పది లైన్లలో ఏం చెప్పిందో ఇక్కడ పెడితే మిగతాది నేను చూస్తాను.